భోజనం ముగించే కత్తి

సిప్రియాన్ ఉప్పుమాంసాన్ని ఇంకా ముక్కలు చేస్తూనే ఉన్నాడు, బల్ల కొసన ఆసామి ఉర్బేన్ కత్తి మూశాడు. టక్కుమంది.

ఆ చప్పుడుతో మిగిలిన ముగ్గురూ తమ తమ మడత కత్తుల్ని తొడ మీద తుడిచి, మూసి, జేబుల్లో వేసుకుని బెంచీల మీంచి కాళ్ళు బయటికి తీశారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఫ్రాన్సులో ఈ ఓబ్రాక్ కొండల మీద ఏ ఇంట్లోనైనా అంతే. ఆసామి కత్తి తెరిస్తే తినడం మొదలు, ఆసామి కత్తి మూస్తే తినడం ఆఖరు. నోట్లో ఉన్నది మింగుతూ లేవాలి. పళ్ళెంలో మిగిలింది ఇక పళ్ళెంలోనే.

సిప్రియాన్ పళ్ళెంలో సగానికి పైగా మిగిలింది. మాంసం గోరంత ముక్కలు చేసి ఒక పక్కన కుప్ప పెట్టాడు. రై రొట్టెను పాచికల్లా కోసి మరో పక్కన పెట్టాడు. అతనికి పైన రెండు పళ్ళు, కింద మూడు మిగిలాయి. అవి ఒకదానికొకటి ఎదురుపడవు. కాబట్టి నోరు చెయ్యాల్సిన పని కూడా కత్తే చెయ్యాలి. ముందంతా కోసుకోవాలి, ఆ తర్వాత నానబెట్టుకుంటూ తినాలి. అతను కోయడం ముగించే వేళకు ఉర్బేన్ తినడం ముగిస్తాడు.

లేచాడు. పళ్ళెం వంక చూడలేదు. చూస్తే ఆకలి కంటికి కూడా తెలుస్తుంది. పొయ్యి దగ్గర నిలబడి ఉన్న మెలానమ్మ, ఉర్బేన్ తల్లి, వచ్చి పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. సిప్రియాన్ పళ్ళెం మాత్రం విడిగా తీసింది. దాన్ని పందికి వేస్తుందో ఏం చేస్తుందో అతను ఎన్నడూ ఆలోచించలేదు.

పెద్ద ఆసామి ఆంతోనిన్ బతికి ఉండగా ఇలా లేదు. ఆయన తినడం అయ్యాక ఒక రొట్టె ముక్క తీసుకుని కత్తి అలుగును ఈ వైపు ఒకసారి, ఆ వైపు ఒకసారి తుడిచేవాడు. ఆ రొట్టె ముక్కను నిదానంగా నమిలేవాడు. అది చూసి అందరూ ఆఖరి ముద్దలు నోట్లో పెట్టుకునేవారు. తర్వాత బొటనవేలితో నొక్కి పట్టి, పాము పుట్టలోకి వెళ్ళినట్టు కత్తిని చప్పుడు లేకుండా మూసేవాడు. చప్పుడైతే వాదర లోపలి ఇనుముకు తగిలి మొద్దుబారుతుందనేవాడు. ఆయన పోయి రెండేళ్ళు దాటింది. కత్తి అదే, చెయ్యి మారింది.

కోత చేనుకు ఎక్కే దారిలో మారియూస్ వెనక నుంచి వచ్చి కలిశాడు. నలభై ఏళ్ళవాడు, నోరు ఊరుకోదు.

"ఏం మామా, ఇవాళ కూడా తరగడంతోనే సరిపెట్టావా? పెళ్ళింట కూరగాయలు తరిగిపెట్టి, వడ్డన వేళకి ఇంటికెళ్ళిపోయేవాడిలా ఉంది నీ వరస."

"నోరు మూసుకుని నడువు."

"మూసుకునే ఉన్నాగా. తెరవాలంటే ఆసామి సెలవివ్వాలి."

సిప్రియాన్‌కు నవ్వు వచ్చింది కానీ దాన్ని పైకి తెచ్చే ఓపిక లేకపోయింది. అరవై ఒకటి నిండాయి. పొడవు కొడవలి విసిరినప్పుడల్లా కడుపులో ఖాళీ చోటు కూడా దానితో పాటు ఊగుతుంది. ఆకలి అతనికి కొత్త కాదు. యుద్ధంలో ఖైదీగా ఉన్నప్పుడు అంతకంటే ఎక్కువే చూశాడు. కానీ అక్కడ తిండి లేదు. ఇక్కడ తిండి కళ్ళముందు ఉంది, తన చేత్తోనే చిన్న చిన్న ముక్కలై ఉంది. ఆ తేడా ఎవరికీ చెప్పుకోదగింది కాదు. ముసలివాడికి తిండియావ ఎక్కువైందంటారు. ఉర్బేన్ తిండి పెట్టలేదని ఎవరనగలరు?

మర్నాడు గురువారం. పొద్దున మంచు పడటంతో గడ్డి ఆరలేదు. సిప్రియాన్ గాదె గోడ పక్కన మొద్దు మీద కూర్చుని గడ్డి లాగే కర్రకు ఊడిపోయిన పళ్ళు వేస్తున్నాడు. హేజెల్ పుల్లలు వేళ్ళంత పొడవు కోసి, ఒక కొస సన్నగా చెక్కి, రంధ్రంలో పెట్టి సుత్తితో కొట్టాలి. చెక్కేటప్పుడు కత్తిని ముందుకు తొయ్యడు. కత్తిని కదలకుండా మోకాలికి ఆన్చి, పుల్లనే వెనక్కి లాగుతాడు. అలా అయితే వేలు తెగదు.

బూడిద రంగు కారు వచ్చి వాకిట్లో ఆగింది. దిగినాయన పేరు వాలాదియే, పట్నంలో పళ్ళ డాక్టరు. కొత్తవాడేం కాదు. రెండేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా కొండ మీది ఇళ్ళు తిరిగి పాత కర్రపిడి కత్తులు కొంటున్నాడు. పళ్ళు పీకీ పీకీ విసుగొచ్చి కత్తుల మీద పడ్డాడని మారియూస్ అంటాడు.

"పని ఆపకు. చూస్తానంతే" అన్నాడు డాక్టరు, ఎదురుగా చతికిలబడుతూ. మంచి ప్యాంటు మీద రంపపు పొట్టు పడుతున్నా పట్టించుకోలేదు.

సిప్రియాన్ మరో రెండు పుల్లలు చెక్కాడు.

"ఆ పిడి నువ్వు చేసిందేనా?"

"మొదట్లో కొమ్ము పిడి ఉండేది. గుర్రం తొక్కింది. ఆ యేడు గాలివానకి అడవి చెర్రీ చెట్టు పడితే, దాని కొమ్మతో చేశాను."

"ఎన్నాళ్ళయింది?"

"ఈ ఉర్బేన్ బాబు అప్పటికి పాకుతున్నాడు."

డాక్టరు చెయ్యి చాచాడు. సిప్రియాన్ కాసేపు ఆలోచించి కత్తి ఇచ్చాడు. డాక్టరు దాన్ని అరచేతిలో తూచాడు. పిడిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. బొటనవేలు ఆనే చోట కర్ర గుంటపడి నున్నగా ఉంది. తన బొటనవేలు అందులో పెట్టి చూశాడు. సరిపోలేదు.

"అలుగు కొత్తలో ఇంత వెడల్పు ఉండాలి" అన్నాడు గోటితో గాలిలో గీస్తూ. "సగం లేదు. ఏమైంది?"

"సానరాయికి పోయింది."

"రాయికి ఎక్కడ పోతుంది? రొట్టెతో పాటు కొంచెం కొంచెంగా నువ్వే తినేసి ఉంటావు."

సిప్రియాన్‌కు ఆ మాట నచ్చింది. 

డాక్టరు కారులోంచి పల్చటి చెక్కపెట్టె తెచ్చి తెరిచాడు. లోపల ఆకుపచ్చ గుడ్డ పరిచి ఉంది. దాని మీద పన్నెండు కత్తులు సగం తెరిచి, ఒకే వైపు తిరిగి పడుకుని ఉన్నాయి. వాల్‌నట్ పిడి, ప్లమ్ పిడి, బీచ్ చెట్టు కర్ర పిడి. ప్రతిదాని కిందా చిన్న కాగితం ముక్క: ఏ కర్ర, ఏ ఊరు, ఎవరిది. సిప్రియాన్‌కు చదవడం అంతంత మాత్రం. కానీ ఐదో కత్తిని చదవకుండానే గుర్తుపట్టాడు.

"ఇది గ్రాసియన్‌ది. వాగు అవతల పశువుల కాపరి."

"అవును. వాళ్ళ మేనల్లుళ్ళ దగ్గర తీసుకున్నాను."

"చచ్చి నాలుగు నెలలు కాలేదు."

వేలితో ముట్టుకున్నాడు. పిడి మీద నల్లగా పేరుకున్న జున్ను, చెమట, పేడ అంతా కడిగేశారు. కొత్త నూనె వాసన వేస్తోంది. ఆ కత్తితో గ్రాసియన్ దూడ గిట్టలో ముల్లు తీయడం, అదే కత్తిని గడ్డికి తుడిచి ఆపిలు కోసి సగం తనకివ్వడం చూశాడు. ఇక్కడ అది స్నానం చేయించి పడుకోబెట్టిన మనిషిలా ఉంది.

"నోరు తెరువు చూద్దాం" అన్నాడు డాక్టరు ఉన్నట్టుండి.

ఎందుకు తెరిచాడో సిప్రియాన్‌కే తెలియదు. డాక్టరు గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పాడు. గడ్డిబండి మీంచి మారియూస్ కేక వేశాడు. "డాక్టరుగారూ, వయసు చూస్తున్నారా? సంతలో అడిగితే మేము పన్నెండేళ్ళ గుర్రమనే చెప్తాం!"

డాక్టరు నవ్వలేదు. "పైన ఒక వరస, కింద ఒక వరస చెయ్యొచ్చు" అన్నాడు. "డబ్బు మాటే లేదు. ఈ కత్తి నాకిచ్చెయ్. కొత్త కత్తి కూడా నేనే తెచ్చిస్తాను."

సిప్రియాన్ నోరు మూసుకుని దవడ రుద్దుకున్నాడు. "పళ్ళు పెడితే నలుగురితో పాటు తినగలనా?"

"రెండు నెలలు అలవాటు పడాలి. తర్వాత ఆపిలైనా కొరుకుతావు."

"నలుగురితో పాటు లేవగలనా అని."

డాక్టరుకు ప్రశ్న అర్థం కాలేదు. "లేవడానికి పళ్ళెందుకు?" అన్నాడు. తర్వాత కత్తి తిరిగి ఇస్తూ, "శనివారం వస్తాను, ఆలోచించుకో" అన్నాడు.

అంతలో ఉర్బేన్ పశువుల కొట్టంలోంచి వచ్చాడు. ముప్పై నాలుగేళ్ళవాడు. తండ్రిలా విశాలమైన భుజాలున్నా వాటిని ఎప్పుడూ ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు ముందుకు వంచి నడుస్తాడు. పెట్టె చూసి, ఏదో పందెం కాసినవాడిలా జేబులోంచి తండ్రి కత్తి తీసి గుడ్డ మీద పెట్టాడు.

వాల్‌నట్ పిడి, ఇత్తడి మేకులు, మూడు తరాల చేతుల కింద నల్లబడి మెరుస్తోంది. డాక్టరు చేతులు ప్యాంటుకు తుడుచుకుని గానీ దాన్ని ముట్టుకోలేదు.

"తాతది" అన్నాడు ఉర్బేన్. "కావాలంటే తీసుకెళ్ళండి. పట్నంలో తుప్పు పట్టని కత్తులు డజను కొనుక్కొచ్చాను. సాన పట్టే పనే లేదు. ఇక అందరికీ అవే."

బేరం నాలుగు మాటల్లో అయిపోయింది. సిప్రియాన్ పుల్ల చెక్కుతూ ఉర్బేన్ ముఖం చూశాడు. దుఃఖం లేదు, ఆశ కూడా పెద్దగా లేదు. తడిసిన గడ్డిమోపు భుజం మీంచి దించినవాడి తేలిక ఉంది. ఈ రెండేళ్ళూ ఆ కత్తిని అంత చప్పుడుతో ఎందుకు మూశాడో సిప్రియాన్‌కు అప్పుడు కొంచెం అర్థమైంది. చప్పుడు లేకపోతే ఎవరైనా లేస్తారో లేదోనని భయం. రోజూ మధ్యాహ్నం ఆ భయాన్ని మొయ్యడం కంటే కత్తినే వదిలించుకోవడం మేలనుకున్నాడు.

కారు వెళ్ళిపోయాక ఉర్బేన్ చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళింది. ఖాళీగా బయటికి వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం ప్రతి పళ్ళెం పక్కనా ఒక కొత్త కత్తి మెరుస్తూ ఉంది. మడత లేదు, కర్ర లేదు, మొన నుంచి పిడి దాకా ఒకే ఇనుము. మారియూస్ దాన్ని ఎత్తి తన ముఖం చూసుకుని, జుట్టు సర్దుకుని, కింద పెట్టేశాడు. కోతకు వచ్చిన అన్నదమ్ములిద్దరిలో పెద్దవాడు దాన్ని వేలితో పక్కకు జరిపాడు. అందరూ తమ తమ జేబుల్లోంచే కత్తులు తీశారు. తెరవడానికి మాత్రం ఒక్క క్షణం ఆగారు. తెరిచే ఆసామి కత్తి లేదు. ఉర్బేన్ కొత్త కత్తితో రొట్టె వెనకవైపు శిలువ గీసి కోయడం మొదలుపెట్టాక తెరిచారు.

శుక్రవారం కాబట్టి మాంసం లేదు. బంగాళాదుంప, జున్ను, ఉడికించిన గుడ్లు. ఉర్బేన్ గబగబా తిని కత్తిని పళ్ళెంలో పెట్టాడు. ఏమీ జరగలేదు. దాన్ని పళ్ళెం అవతలికి తోశాడు. అప్పుడూ ఏమీ జరగలేదు. మారియూస్ ఇంకో దుంప తీసుకున్నాడు.

"నాన్న కత్తి ఏది?" అంది మెలానమ్మ పొయ్యి దగ్గర నుంచి.

"ఇచ్చేశానమ్మా."

"ఎవరికి?"

"పళ్ళ డాక్టరుకి. అద్దాల బీరువాలో పెడతాడు. మన జేబులోకంటే భద్రంగా ఉంటుంది."

ఆవిడ గరిటెను గిన్నె అంచుకు రెండుసార్లు కొట్టి లోపల పెట్టింది.

ఉర్బేన్ లేచి నిలబడ్డాడు. "పదండి. గడ్డి మన కోసం ఆగదు."

ఎవరూ కావాలని కూర్చోలేదు. దేనికి లేవాలో కాళ్ళకు తెలియలేదంతే. అన్నదమ్ముల్లో చిన్నవాడు నములుతూ అన్న వైపు చూశాడు. అన్న సిప్రియాన్ వైపు చూశాడు. సిప్రియాన్ తన ముక్కల వైపు చూసుకున్నాడు. ఆ ఆలస్యంలో ఐదు ముక్కలు ఎక్కువ తిన్నాడు. లెక్కపెట్టుకున్నందుకు సిగ్గేసింది.

"లేవమంటుంటే!" అని అరిచాడు ఉర్బేన్. వాళ్ళు లేచారు.

ఆ ఇంట్లో తినేవాడిని నోటితో లేపడం అదే మొదలు. చేలో ఆ సాయంత్రం కొడవళ్ళు మెల్లగా తిరిగాయి.

"కుక్కనైనా తినేటప్పుడు లేపరు" అన్నాడు మారియూస్, నవ్వకుండా. "టక్కుమన్నప్పుడే నయం. కత్తి చెప్పిందని లేచేవాళ్ళం. ఇప్పుడు మనిషి చెప్తున్నాడు."

సిప్రియాన్‌కు అలసటగా ఉంది, కాళ్ళలో కాదు. ఒకరి కత్తి కోసం, ఒకరి కేక కోసం చెవి ఒగ్గి తినే బతుకులో ఎక్కడో లోపల అలసట. పళ్ళు పెట్టించుకుంటే ఈ గొడవ తీరుతుంది. అందరితో మొదలుపెట్టి అందరితో ముగించొచ్చు. ఇక ఎవరి చెయ్యి ఎప్పుడు కదులుతుందో చూడక్కర్లేదు. ఆకుపచ్చ గుడ్డ మీద గ్రాసియన్ కత్తి పక్కన తన కత్తి పడుకుంటుంది. పడుకోనీ. దానికీ అలుపొచ్చి ఉంటుంది.

ఆ సాయంత్రం పాలు పితకడం అయ్యాక వాకిట్లో కూర్చుని కత్తికి నూనె పెట్టాడు. మడత దగ్గర పేరుకున్న రొట్టె పొడిని పుల్లతో తీశాడు. ఒకరికి ఇచ్చేసే వస్తువును ఎలా శుభ్రం చేస్తారో అలా చేశాడు.

శనివారం పొద్దున్నే పడమటి కొండ వెనక మబ్బు పట్టింది. కోసిన గడ్డి అంతా నేల మీదే ఉంది. మధ్యాహ్నానికి ముందే డాక్టరు కారు వచ్చింది. ఉర్బేన్ ఆయన్ని భోజనానికి ఉండమన్నాడు. పట్నం మనిషి ఎదుట తన ఇల్లు ఎలా కనిపిస్తుందోనని ఉదయం నుంచి ఒకటికి రెండుసార్లు బల్ల తుడిపించాడు.

డాక్టరు ఉర్బేన్ కుడిపక్క కూర్చున్నాడు. జేబులు తడుముకుని నవ్వాడు. "ఇంట్లో మూడొందల కత్తులున్నాయి. జేబులో ఒక్కటీ లేదు" అని, పళ్ళెం పక్కనున్న ఇనుప కత్తి తీసుకున్నాడు.

క్యాబేజీ సూప్ అయింది. అడుగున మిగిలిన దాంట్లో వైన్ పోసుకుని గిన్నెలు ఎత్తి తాగారు. తర్వాత మాంసం వచ్చింది. సిప్రియాన్ తన చెర్రీ పిడి కత్తి తెరిచి కోయడం మొదలుపెట్టాడు. ఆఖరిసారి అనుకున్నాడు. అందుకని తొందరపడలేదు. ముక్కలన్నీ ఒకే కొలతన కోశాడు.

ఉర్బేన్ తినడం అయిపోయింది. కత్తి పళ్ళెంలో పెట్టాడు. నిన్నటిలా అరవాలంటే పక్కన పెద్దమనిషి ఉన్నాడు. కిటికీలోంచి మబ్బు చూశాడు, గొంతు సవరించుకున్నాడు, వైన్ పోసుకున్నాడు. మారియూస్ తినడం అయిపోయింది. అయినా కత్తి తెరిచే ఉంచి, దాని మొనతో బల్ల మీద రొట్టె పొడిని గీతలా దువ్వుతున్నాడు. అన్నదమ్ములిద్దరూ జున్ను చెక్కును పొడిచి పొడిచి తింటున్నారు. నలుగురి కళ్ళూ ఒకే చోటికి వెళ్ళి వస్తున్నాయని సిప్రియాన్‌కు మెల్లగా తెలిసింది. ఆ చోటు తన చెయ్యి.

బల్ల దగ్గర అందరికంటే పాత కత్తి తనదే. అతను మూస్తే లేస్తారు. మూసేదాకా ఉర్బేన్ కూడా కదలడు, కదల్లేడు. ఎవరూ అనుకుని చేసింది కాదు. నీళ్ళు పల్లం వెతుక్కున్నట్టు ఆ అధికారం తనంతట తానే వచ్చి అతని దగ్గర ఆగింది.

సిప్రియాన్ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నానబెట్టాడు, మింగాడు. ఇంకొకటి. రెండేళ్ళ తర్వాత మాంసానికి మిరియాల రుచి ఉందని తెలిసింది. రొట్టె పాచిక ఒకటి పులుసులో ముంచాడు. తొందర లేదు. కావాలంటే కుప్పంతా తినొచ్చు. మబ్బు తన కోసం కూడా ఆగదు గానీ, అది ఉర్బేన్ సంగతి.

అప్పుడు తలెత్తాడు. మెలానమ్మ పొయ్యి పక్కన నిలబడి ఉంది. ఒక చెయ్యి గోడకు ఆన్చి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటోంది. ఆవిడ కళ్ళు కొడుకు మీద లేవు, అతిథి మీద లేవు. అవి కూడా తన కత్తి మీదే ఉన్నాయి.

ఆవిడకు డెబ్భై రెండు. పొద్దున నాలుగింటికి లేచిన మనిషి. కత్తి మూసేదాకా ఆవిడ తినదు. మూశాక, వీళ్ళు వెళ్ళాక, నిలబడే, మిగిలింది తింటుంది. ముప్పై మూడేళ్ళుగా ఈ బెంచీ మీద కూర్చుంటున్నాడు. ఆవిడ పొయ్యి దగ్గరే ఉంటుందని తెలుసు. ఎదురుచూస్తూ ఉంటుందని తెలియదు. ఒకే తీరుగా, గోరంతగా కోసి మిగిలిపోయిన తన ముక్కలు ఈ రెండేళ్ళూ ఎక్కడికి వెళ్ళాయో ఇప్పుడు తెలిసింది. ఆవిడ నోట్లోనూ పళ్ళు లేవు. తను రోజూ ఆవిడకు తరిగి పెట్టి వెళ్తున్నాడు.

కత్తి మూసేద్దామని బొటనవేలు గుంటలోకి వెళ్ళింది. మూస్తే ఆవిడ తింటుంది, తను మళ్ళీ సగం కడుపుతో లేస్తాడు. మూయకపోతే తను తింటాడు, ఆవిడ నిలబడుతుంది. బొటనవేలు అక్కడే ఆగింది.

మూయలేదు. కత్తిని తెరిచినదాన్ని తెరిచినట్టే పళ్ళెం పక్కన పెట్టి, బెంచీ మీద ఒక మనిషి పట్టేంత పక్కకు జరిగాడు.

"అమ్మగారూ, రండి. సూప్ చల్లారిపోతోంది."

బల్ల దగ్గర నమలడం ఆగింది. మెలానమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు డాక్టరు వైపు చూశాడు. డాక్టరుకు ఈ ఇంటి సంగతి తెలియదు. ఆడమనిషి బల్ల దగ్గరికి వస్తోందనుకుని పట్నం మర్యాదగా కుర్చీలోంచి సగం లేచి నిలబడ్డాడు. ఆయన నిలబడితే ఉర్బేన్‌కు కూడా సగం లేవక తప్పలేదు.

ఆవిడ చేతులు తుడుచుకుని సూప్ గిన్నెతో వచ్చి కూర్చుంది. ఎంతోకాలం తర్వాత కూర్చున్నట్టు కాకుండా, నిన్న లేచి వెళ్ళిన చోటికి వచ్చినట్టు కూర్చుంది. గిన్నెలో సూప్ తాగింది. తర్వాత ఆప్రాన్ జేబులో చెయ్యి పెట్టి ఒక కత్తి తీసింది.

చిటికెనవేలంత కత్తి. బాక్స్ అనే చెట్టు కర్ర పిడి, గిన్నెలు తోమే నీళ్ళలో నాని నాని ఎముకలా తెల్లబడింది. అలుగు అరిగి అరిగి చేపముల్లులా మిగిలింది. దుంపల కళ్ళు తీసిన కత్తి, కోళ్ళ మెడలు కోసిన కత్తి, బొడ్డుతాళ్ళు కోసిన కత్తి. ఆ ఇంట్లో దాన్ని అందరూ చూశారు. బల్ల దగ్గర తెరిచి ఉండగా మాత్రం ఎవరూ చూడలేదు.

డాక్టరు ముందుకు వంగాడు. చెయ్యి తెలియకుండానే కొంచెం చాచాడు. తర్వాత దాన్ని వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

మెలానమ్మ మాంసం కోయడం మొదలుపెట్టింది. ముందంతా కోసి, కుప్ప పెట్టి, తర్వాత తినడం. ఒకే కొలత ముక్కలు. సిప్రియాన్ తన కత్తి అందుకున్నాడు. ఇద్దరూ ఒకే వేగంతో తిన్నారు. మధ్యలో ఆవిడ, "ఉప్పెక్కువైంది" అంది.

"ఎప్పుడూ ఇంతేనమ్మగారూ."

"చెప్పొచ్చుగా మరి."

మారియూస్ దగ్గినట్టు నవ్వాడు. ఉర్బేన్ కిటికీ వైపు చూశాడు. వెలుతురు తగ్గింది. రెండు చేతులూ బల్ల మీద ఆన్చి లేవబోయాడు. తల్లి తలెత్తలేదు. నములుతూనే ఉంది. తల్లి తింటుండగా ఎలా లేవాలో అతనికి ఎవరూ నేర్పలేదు. మళ్ళీ కూర్చున్నాడు. కూర్చున్నాక అతని భుజాలు మొదటిసారి కుర్చీకి ఆనాయి. చాలాసేపటికి చెయ్యి చాచి తనకూ ఒక జున్ను ముక్క కోసుకున్నాడు.

సిప్రియాన్ పళ్ళెం ఖాళీ అయింది. ఖాళీ పళ్ళెం అడుగున నీలం పువ్వు బొమ్మ ఉందని అతను మర్చిపోయాడు.

మెలానమ్మ ఒక రొట్టె ముక్క తీసుకుంది. అలుగును ఈ వైపు ఒకసారి, ఆ వైపు ఒకసారి తుడిచింది. ఆ ముక్కను నిదానంగా నమిలింది. పెద్ద ఆసామి ఆ అలవాటు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో సిప్రియాన్‌కు అప్పుడు అనుమానం వచ్చింది. ఆవిడ బొటనవేలితో నొక్కి కత్తి మూసింది. చప్పుడు కాలేదు. అయినా అందరూ విన్నారు. అందరూ లేచారు.

ఉర్బేన్ పంగల కర్ర అందుకుని చేను వైపు దాదాపు పరుగెత్తాడు. మిగిలినవాళ్ళు వెనక నడిచారు. డాక్టరు కారు దగ్గర సిప్రియాన్‌ను ఆపాడు. ఆయన చేతిలో కొత్త కత్తి ఉంది, కాగితంలో చుట్టి ఉంది.

"మరి మన సంగతి?"

సిప్రియాన్ జేబులో చెయ్యి పెట్టాడు. చెర్రీ పిడి నూనెకు జారుతోంది. "నిన్న అడిగుంటే ఇచ్చేసేవాణ్ణి."

"ఇవాళ?"

"ఇవాళ కడుపు నిండిందయ్యా. కడుపు నిండినవాడు చెప్పే మాట నమ్మకూడదు. రేపు ఆదివారం. సోమవారం మధ్యాహ్నం ఆ బెంచీ మీద ఎవరెవరు కూర్చుంటారో చూసి చెప్తాను."

"కూర్చుంటే?"

"అమ్మగారు కూర్చుంటే నాకు పళ్ళతో పని లేదు."

డాక్టరు కాగితపు పొట్లం సీటు మీద పెట్టి, కారెక్కాడు.

సిప్రియాన్ గడ్డి లాగే కర్ర భుజాన వేసుకుని దారి ఎక్కాడు. నిండిన కడుపు బరువుగా ఉంది. ఊపిరి ఆడటం లేదు. ఆకలితో ఎక్కడమే సులువేమో అనిపించింది. పైన మొదటి చినుకులు పడుతున్నాయి. మారియూస్ "మామా, ఇలా తింటే గడ్డంతా తడుస్తుంది" అని అరుస్తున్నాడు, నవ్వుతున్నాడు. అది నిజమే. సోమవారం ఉర్బేన్‌కు ఈ తడిసిన గడ్డే గుర్తుంటుందేమో. ఏమీ చెప్పలేం.

మలుపు దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగి వెనక్కి చూశాడు. వంటింటి తలుపు తెరిచి ఉంది. మెలానమ్మ గడప ముందు వంగి, ఒక చెయ్యి మోకాలికి ఆన్చి, తడిసిన రాతి మెట్టు మీద తన చిన్న కత్తికి సాన పడుతోంది. ఈ వైపు, ఆ వైపు. మళ్ళీ ఈ వైపు.